ఫిట్ ఇవ్వని మిస్త్రీ

మిస్త్రీ పోయాడని మొన్న పొద్దున కబురొచ్చింది. సాయంత్రానికి మా తెలుగు సంఘం వాళ్ళు ఇద్దరు ఇంటికొచ్చారు. "టీచరమ్మా, ఆదివారం సంతాప సభ పెట్టినాం. మీరు ఓ పేజీ రాసీండి. ఏ ఊరు, ఎప్పుడు పుట్టినారు, రైల్వే వర్క్‌షాపులోకి ఎప్పుడు ఒచ్చినారు, ఏ గ్రేడులో రిటైరైనారు, అలాటివి" అన్నారు.

వాటిలో ఒక్కటి కూడా నాకు తెలియదు. ఖరగ్‌పూర్ తాల్‌బగీచాలో మా వీధి చివర ఇన్నేళ్ళూ ఉన్న మనిషి అసలు పేరు కూడా పాడె దగ్గర ఎవరో అంటుంటేనే మొదటిసారి విన్నాను. ఆ పేరు ఆయనకు అతకలేదనిపించింది. ఊరందరికీ ఆయన మిస్త్రీ. నేను ఎదురుగా పిలిస్తే మావయ్య. పుట్టిన తేదీలు, గ్రేడులు సంఘం వాళ్ళు ఎవరినైనా అడిగి రాసుకుంటారు. నాకు తెలిసిన మనిషిని నేను రాసుకుంటున్నాను.

రైలు పెట్టెల్లో నీళ్ళ ట్యాంకులు, కుళాయిలు, స్నానాల గదుల కింద గొట్టాలు బిగించడం ఆయన ఉద్యోగం. రిటైరయ్యాక కూడా ఉద్యోగం ఆయన్ని వదల్లేదు. మగవాళ్ళు చెవి మీద బీడీ పెట్టుకుంటారు, ఈయన సుద్దముక్క పెట్టుకునేవాడు. రైల్వేలో ఒక పద్ధతి ఉంది. పెట్టె పాడైతే దాని మీద సుద్దతో 'సిక్' అని రాసి పక్క లైనులోకి తోసేస్తారు. బాగుచేశాక చూసేవాడు చూసి 'ఫిట్' అంటేనే మళ్ళీ పట్టాలెక్కుతుంది. ఆ పద్ధతిని ఈయన మా వీధికంతా అంటగట్టాడు. పక్కింటి బెంగాలీ దాదా స్కూటరు మీద సిక్. శ్రీరామనవమి పందిట్లో గరగరలాడే మైకు మీద సిక్. వాల్వు బాగుచేసి పెట్టమని నేనిచ్చిన కుక్కరును మూత మీద సిక్ అని రాసి తిప్పి పంపాడు. ఒకసారి మా ఆయనకు జ్వరమొస్తే చూడ్డానికొచ్చి, మొహం తేరిపార చూసి, చెవి మీదికి చెయ్యి పోనిచ్చాడు. మా ఆయన దుప్పటి ముసుగు పెట్టేశాడు.

ఆయన దేన్నయినా చేతి వెనకవైపుతో ముట్టుకుని చూసేవాడు. గొట్టం అతుకు కింద చెయ్యి తిరగేసి, మెటికల మీది చర్మాన్ని ఆనించి కళ్ళు మూసుకునేవాడు. ఎందుకలా అని అడిగాను.

"అరిసెయ్యి మొద్దుబారిపోనాది టీచరమ్మా. దానికి ఎండా తెల్దు, తడీ తెల్దు. అబద్ధాలాడతాది. ఎనకసెయ్యి ఆడదు."

తొందరపెడితే మాత్రం ఆయన కంటే మొండివాడు ఖరగ్‌పూర్‌లో లేడు. చొక్కా జేబులో ఎప్పుడూ మరమరాలు, నాలుగు వేపిన శనగలు ఉండేవి. "ఇంకా ఎంతసేపు మావయ్యా" అన్నామో, గుప్పెడు నోట్లో పోసుకునేవాడు. నోరు నిండా ఉన్నవాణ్ణి జవాబు ఎవరడుగుతారు? నమిలి మింగాక ఒకటే మాట, "తొందర పేసింజర్ది. ఫిట్టర్ది కాదు." ఆ మాట వింటే నాకు ఒళ్ళు మండేది. ఆయనంటే నాకెంత గౌరవమో అంత విసుగు. పోయినవాళ్ళందరూ దేవుళ్ళని రాయడం నాకు చేతకాదు.

మా అమ్మాయి సంగతి చెప్పకపోతే ఆయన సంగతి చెప్పలేను. దానికి చెమట పట్టదు. పుట్టుకతోనే అంత. ఎండాకాలం పావుగంట బయటుంటే ఒళ్ళు పెనంలా కాలిపోతుంది. ఆగకుండా నీళ్ళు పోస్తూ ఉండాలి, లేకపోతే మూర్ఛ వస్తుంది. పళ్ళు కూడా అన్నీ కలిపి నాలుగే మొలిచాయి. ఒక వేసవిలో ధైర్యం చేసి ఏసీ పెట్టెలో తీసుకెళ్తుంటే దారిలో కరెంటు పోయి, మూసేసిన అద్దాల మధ్య పిల్ల కొట్టుకోవడం మొదలుపెట్టింది. అప్పటినుంచి చలికాలంలో తప్ప దానికి ప్రయాణం లేదు. రైలు కూత వినబడని ఇల్లే లేని ఊళ్ళో పుట్టి, ఎండాకాలం రైలెక్కలేని పిల్ల.

దానికి పద్నాలుగో ఏట విశాఖలో ఒక పళ్ళ డాక్టరు కట్టుడు పళ్ళు పెడతానన్నాడు. జనవరిలో వెళ్ళి కొలతలిచ్చి వచ్చాం. పళ్ళు తయారై రమ్మనేసరికి మే నెల వచ్చింది. ఆలస్యం చేస్తే ఎదిగే వయసు కాబట్టి దవడ పెరిగి కొలత తప్పుతుందన్నాడు. బడి తెరిచేనాటికి నోట్లో పళ్ళుండాలని పిల్ల పట్టు. రైలు కుదరదు కాబట్టి రోడ్డు దారే, రాత్రిపూట బండి నడపడం మా ఆయన కంటికి పడదు. మిగిలింది పగలు, అదీ మే నెల పగలు.

అందుకని మా ఆయన ఒక పాత స్కూలు వ్యాను కొన్నాడు. ఆయన విద్యాసాగర్ ఇండస్ట్రియల్ పార్కులో ఫ్యాక్టరీ పని చేస్తాడు, రేకులూ వెల్డింగులూ చేతిలో పనే. లోపల మంచం, ఫ్యాను, ఒక మూల ప్లాస్టిక్ తెరతో షవరు గది. కారవాన్ అని పట్నాల్లో అద్దెకిస్తారట, మాది తాల్‌బగీచా కారవాన్. పైన నీళ్ళ ట్యాంకు, కింద ఫైబరు ట్రే, ట్రేకు నీళ్ళు దిగే జాలీ, జాలీ కింద గొట్టం. పక్కనే బెంచీ కింద షవరుకు నీళ్ళు తోసే చిన్న పంపు. వ్యాను ఏసీ ఇంజను నడిచినంతసేపే, అదీ దానికి ఓపికున్నప్పుడే. కాబట్టి మా పిల్ల ప్రాణం షవరు మీద ఉంది. గొట్టం పని మిస్త్రీ చేశాడు. ఇంకెవరు చేస్తారు?

ఏప్రిల్‌లో ఒక ఆదివారం వ్యానును పక్కనే ఉన్న హిజ్లీ దాకా నడిపి చూద్దామని బయల్దేరాం. పదకొండు గంటల ఎండ. పిల్ల షవరు కింద కూర్చుని పాటలు పాడుతోంది. కాలేజీ హాస్టళ్ళ వెనక రోడ్డులో స్పీడ్ బ్రేకరు దాటుతుంటే కింద దబ్బుమని చప్పుడైంది. మేం పట్టించుకోలేదు. ఐదు నిమిషాలకు కాలిన వాసన వచ్చింది, షవరు ఆగిపోయింది. గొట్టం ఊడి, నీళ్ళు రోడ్డు మీదికి పోకుండా బెంచీ కిందికి పారి పంపు కాలిపోయింది. ఇల్లు చేరేలోగా పిల్ల కళ్ళు తేలేసింది. దారిలో టీ కొట్టు దీదీ తన నీళ్ళ డ్రమ్ము మొత్తం దాని మీద దిమ్మరించింది కాబట్టి బతికింది.

ఇంటికొచ్చాక మిస్త్రీ వ్యాను కిందకు దూరాడు. లేచి వచ్చినప్పుడు ఆ మొహంలో నెత్తురు చుక్క లేదు. రైలు పెట్టెకు బిగించినట్టే వ్యానుకూ గొట్టాన్ని తిన్నగా కిందికి వేలాడదీశాడు. పెట్టె కింద గొట్టం ఎంత వేలాడినా ఇబ్బంది లేదు. రోడ్డు మీద అయితే మొదటి గట్టు దగ్గరే దెబ్బ తగులుతుంది.

"పట్టాల మీద ఎదరకి ఏదీ లెగదు గదమ్మా" అన్నాడు. "రోడ్డు మీద గట్టుంటాదని నా బుర్రకి తట్టనేదు. తప్పు నాదే."

నేను టీచర్ని. నోరు అదుపులో పెట్టుకోమని రోజూ పిల్లలకు చెప్పేదాన్ని. ఆ రోజు మాత్రం వీధంతా వినేలా, "నా పిల్లని సంపీసీవోడివి మావయ్యా" అన్నాను.

ఆయన చెవి మీది సుద్ద తీసి వ్యాను తలుపు మీద సిక్ అని రాశాడు. తర్వాత తన పనిసంచీ మీద కూడా అదే రాశాడు. ఆ అక్షరాలు నేను చదివాను. అయినా క్షమించమని అడగలేదు. నా కోపం నాకు న్యాయంగానే తోచింది.

తర్వాత నెల రోజులు ఆయన వ్యానును వదల్లేదు. గట్టి గొట్టం పీకేసి రబ్బరు గొట్టం వేశాడు. దాన్ని ఛాసిస్ ఇనుపకమ్మీల మధ్య అడ్డంగా లాక్కెళ్ళి, వెనక చక్రం అవతల బయటికి తీశాడు. బెంచీ కింద రేకులో కంత కోసి, దానికి మూత పెట్టి, అతుకు చేతికి అందేలా చేశాడు. కొత్త పంపు వేశాం.

ప్రయాణం రోజు తెల్లవారుజామున నాలుగింటికి సామానంతా ఎక్కించేశాం. మర్నాడు పది గంటలకు డాక్టరు. నాలుగున్నరకు కదిలితే మిట్టమధ్యాహ్నానికల్లా చిలక సరస్సు దాటేస్తామని, మిగిలిన దారి మెల్లగా పోవచ్చని మా లెక్క. మిస్త్రీ వచ్చి బెంచీ కింద అతుకుకు పొడి సుద్ద దట్టంగా రుద్దాడు. ఒక్క చుక్క కారినా సుద్ద నల్లబడి పట్టిచ్చేస్తుంది. నన్ను బకెట్లతో నీళ్ళు పొయ్యమన్నాడు. పోశాను. సుద్ద తెల్లగానే ఉంది. ఇంకో బకెట్టు. తెల్లగానే ఉంది. పది బకెట్లయ్యాయి. తూరుపు ఎరుపెక్కుతోంది.

"సాలు మావయ్యా. ఫిట్ అనీ, ఎలిపోతాం" అన్నాను.

గుప్పెడు మరమరాలు నోట్లో పోసుకున్నాడు. నమిలాడు. మింగాడు. "గుంటని ఎక్కించు" అన్నాడు.

మా అమ్మాయి ట్రేలో నిలబడింది. "కూకో అమ్మీ. లెగు. ఓపాలి గెంతు." నేను నీళ్ళు పోస్తూనే ఉన్నాను. ఆయన చేతి వెనకవైపు అతుకు కింద పెట్టి కళ్ళు మూసుకున్నాడు. పిల్ల రెండోసారి గెంతగానే కళ్ళు తెరిచాడు. సుద్ద మీద శనగబద్దంత నల్ల మచ్చ.

"ట్రే దిగతంది. మనిసి ఎక్కితే అడుగు ఒంగుతంది, అతుకు ఇడుతంది. ఒట్టి నీళ్ళు సూసుకున్నాను, మనిసి బరువు సూసుకోనేదు."

"ఒక్క సుక్కే కదా మావయ్యా!"

"ఇక్కడ సుక్క. బాలాసోర్ కాడ దార."

నా చేతిలో బకెట్టు నేలకేసి కొట్టాను. ఆలస్యమయ్యే ప్రతి గంటా మమ్మల్ని నడి ఎండలోకి తోస్తోంది. వెళ్ళకపోతే పళ్ళు లేవు, వెళ్తే ఎండ. ఆయన మాత్రం ఇంటికి నడిచివెళ్ళి ఒక టేకు పీట పట్టుకొచ్చాడు. వెనకాలే కోడలు పరుగెత్తుకొచ్చింది. "అన్నం తినీ పీట మావా! రేపట్నుంచి దేని మీద కూకుంటావు?" అని అరుస్తోంది. వింటేగా. పీటను నాలుగు ముక్కలుగా కోసి ట్రే కింద నాలుగు పక్కలా దిమ్మలు కొట్టాడు. అతుకు విప్పి, తుడిచి, మళ్ళీ బిగించాడు. పిల్ల ఎక్కి గెంతింది. సుద్ద తెల్లగా ఉంది. అప్పటికి ఏడు దాటింది.

"ఇప్పుడైనా ఫిట్టేనా?" అన్నాను, పళ్ళు కొరుకుతూ.

"నిలబడ్డ బండికి ఫిట్టే. నడిసీ బండికి ఎలాగ సెప్పగలను? నానూ ఒస్తాను." సంచీ లోపలికి విసిరి బెంచీ పక్కన నేల మీద కూర్చున్నాడు. డెబ్బై దాటిన మనిషి. ఇంకో ముసలి ప్రాణం నా నెత్తిన పడిందనుకున్నాను. దించే ఓపిక లేక ఊరుకున్నాను.

దారి పొడుగునా చెయ్యి ఆ కంతలోనే. దూరాన గట్టు కనబడితే చాలు, "ఆస్తే! ఆస్తే!" అని మా ఆయన మీద కేకలు. భద్రక్ దాటేసరికి ఇద్దరికీ మాటల్లేవు. కానీ అతుకు పొడిగా ఉంది, పిల్ల ఒళ్ళు చల్లగా ఉంది. గంటకోసారి పది నిమిషాలు షవరు, మధ్యలో తడి దుప్పటి. నాకు ఆశ పుట్టింది.

చిలక దాటాక ఆగిపోయాం. ముందెక్కడో లారీ అడ్డంగా పడిందట. కనుచూపు మేర బళ్ళే. మూడు గంటల ఎండ, చెట్టన్నది లేదు. ఇంజను వేడెక్కి సూది చివరికంటా పోతే మా ఆయన ఆపేశాడు, దాంతో ఏసీ కూడా ఆగింది. వ్యాను లోపల గాలి మండిపోతోంది. థర్మామీటరు పెడితే పిల్లకు నూట ఒకటి. షవరు సన్నగా విప్పి దాని కింద కూర్చోబెట్టాను. నూట రెండు. పక్కన మట్టి దారిలో కొన్ని కార్లు ముందుకు పోతుంటే మా ఆయన ఆత్రంకొద్దీ ఇంజను వేసి అటు దింపాడు. వెనక చక్రం గోతిలో పడింది. దబ్బుమంది.

"నీళ్ళు కట్టీ!" అని అరిచాడు మిస్త్రీ. "అడుగున కాలరు సిట్లిపోనాది!"

కట్టేశాను. ఆయన తల కంతలో పెట్టి చూసి చెప్పాడు. జాలీ కింద గొట్టాన్ని పట్టుకునే ప్లాస్టిక్ కాలరు నిలువునా చీలింది. అతికించడానికి మందు ఉంది, కానీ పూర్తిగా ఆరాలి. పూశాక ఒక గంట తడి తగలకూడదు. నీళ్ళు పంపు మీద పడితే ఇక షవరు లేదు.

"గుంట గంట ఆగగలదేటి?"

థర్మామీటరు నూట మూడు చూపిస్తోంది. పిల్ల పెదాలు ఎండి, కళ్ళు మూతలు పడుతున్నాయి. బయట నీడ లేదు, మగ్గులతో పోసినా నీళ్ళు ఆ జాలీలోంచే పోవాలి. "ఆగనేదు మావయ్యా" అన్నాను.

ఆయన మెడలోని గమ్ఛా తువ్వాలు తీసి నీళ్ళలో ముంచి పిండాడు. చీలిన కాలరు చుట్టూ చుట్టి, రబ్బరు గొట్టాన్ని దాని మీదికి ఎక్కించి, రెండు చేతులతో బిగబట్టాడు. పక్కకు తిరిగి పడుకుని, తల బెంచీ కిందికి దూర్చి, "ఇప్పీ" అన్నాడు.

విప్పాను. నీళ్ళు ట్రేలో పడి, జాలీలోంచి దిగి, ఆయన పిడికిళ్ళలోంచి గొట్టంలోకి పోయాయి. పంపు మీద చుక్క పడలేదు.

నిమిషాలు గడవడం లేదు. కాసేపు నేను పట్టుకుంటానంటే, "సేతులు మారిసినప్పుడే కారతాది" అన్నాడు. మోచేతుల కింద ఇనుపరేకు కాలుతోంది, తడిగుడ్డ దోపాను. మా ఆయన తలుపు దగ్గర నిలబడి అట్టముక్కతో ఆయన కాళ్ళకు విసురుతున్నాడు. తెర వెనకనుంచి పిల్ల నీరసంగా పిలిచేది.

"తాతా, ఉన్నావా?"

"ఉన్నానమ్మీ."

మళ్ళీ కాసేపటికి, "తాతా?" "ఉన్నాన్లే." ఒకసారి జవాబు ఆలస్యమైంది. వంగి చూస్తే ఆయన కళ్ళు మూసుకుని పంటి బిగువున ఓర్చుకుంటున్నాడు. మెడ నరాలు ఉబ్బాయి. నాకు అప్పుడు భయం రెండింతలైంది. పిల్ల కోసం ఆయన్ని చంపేస్తున్నానా?

"మావయ్యా, ఆ రోజు నానన్న మాట..." అన్నాను.

"ట్యాంకు సూడు టీచరమ్మా. నీళ్ళెంత ఉన్నాయో సూడు."

సగం ఉన్నాయి. తర్వాత పావు. నూట రెండున్నర. రెండు. మళ్ళీ రెండు. బయట బళ్ళు కదలడం లేదు. ట్యాంకు అడుగు కనిపిస్తోంది. ఎంత తిప్పినా షవరు నుంచి దారం లాంటి ధారే వస్తోంది. అది ఆగిపోతే ఏం చెయ్యాలో నాకు తెలియదు. అప్పుడు తెర కదిలింది.

"అమ్మా, సలేస్తంది."

పద్నాలుగేళ్ళలో, మే నెలలో, ఆ మాట ఆ పిల్ల నోటినుంచి నేను వినలేదు. కుళాయి కట్టేసి దాన్ని బయటికి లాక్కుని, తుడిచి, థర్మామీటరు పెట్టాను. తొంభై తొమ్మిది. ఒళ్ళంతా వణుకుతోంది. నేను దాన్ని వాటేసుకుని ఏడుస్తున్నాను. బెంచీ కిందనుంచి ఆయన గొంతు వచ్చింది.

"నీళ్ళు ఆగినాయా?"

"ఆగినాయి మావయ్యా."

"గుంటకి నిజంగా సలేస్తందేటి?"

"అవును మావయ్యా."

"అయితే ఇంక సెయ్యి తీసీమంటావా?"

తీసెయ్యమన్నాను. ఆ చేతులు రాలేదు. వేళ్ళు గొట్టం చుట్టూ కొయ్యబారిపోయి ఉన్నాయి. ఎంత ప్రయత్నించినా విప్పలేక, తనే సిగ్గుపడుతున్నట్టు నవ్వాడు. మా అమ్మాయి తువ్వాలు చుట్టుకుని ఆయన పక్కన నేల మీద కూర్చుని, చిటికెన వేలితో మొదలుపెట్టి ఒక్కొక్కటే విప్పడం మొదలెట్టింది. నవ్వొస్తే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునే పిల్ల. రెండు చేతులూ ఆయన వేళ్ళ మీద ఉన్నాయి కాబట్టి అడ్డం పెట్టుకోలేదు. నాలుగు పళ్ళూ బయటపెట్టి, పగలబడి నవ్వుతూ ఆ వేళ్ళు విప్పింది.